మగ్గం గుంతను పూడ్చని మేస్త్రీ

ఫోన్‌లో ‘టైల్స్ మేస్త్రీ, హిందూపురం’ అని కనిపించగానే నవ్వుకుంటూ ఎత్తాను. ఆయన ఎప్పుడు ఫోన్ చేసినా ముందు మా ఇంటి నేల ఎట్లుందని అడుగుతాడు, ఆ తర్వాతే మనుషుల సంగతి. ఈసారి మాట్లాడింది ఆయన భార్య. ముందురోజు పొద్దున పనికి బయల్దేరుతూ వాకిట్లో కూలబడ్డాడట, ఆసుపత్రికి చేరేలోపే పోయాడట. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి, ఆరోజు కూడా ఎవరింటికో నేల వేయడానికే బయల్దేరాడు. ఆయనను తలచుకుంటే ఏడుపు కంటే ముందు నవ్వే వస్తోంది. నవ్వుతూనే రాస్తాను, ఏమీ అనుకోకండి.

ధర్మవరంలో మాది మగ్గం ఇల్లు. ముందుగదిలో నేల తవ్వి చేసిన గుంత, దాని మీద మగ్గం. ఆ గుంతలో కాళ్లు పెట్టి, పలకలు తొక్కుతూ నాయన నలభై ఏళ్లు పట్టుచీరలు నేశాడు. మూడేళ్ల కిందట కంటికి ఆపరేషన్ అయ్యాక మేమే మగ్గం మీద గుడ్డ కప్పేశాం. ఆరు నెలలు అట్లే ఉంది. నేను పెనుకొండలో టీచర్‌ని, జీతం వస్తోంది కదా, ఇంక ఆయనకు ఈ కష్టమెందుకు అనుకున్నాను. మగ్గం విప్పించి, గుంత పూడ్పించి, ఇల్లంతా టైల్స్ వేయించాలని నా ఆశ. నాయనను అడిగితే “నీ ఇష్టం పాపా” అన్నాడు. మా ఇళ్లల్లో మగవాళ్లు ‘నీ ఇష్టం’ అన్నారంటే తమకు ఇష్టం లేదని అర్థం. అది తెలిసి కూడా తెలియనట్టే ఊరుకున్నాను.

మా తోటి టీచర్ ఇంట్లో పని చూసి ఈ మేస్త్రీని పిలిపించాను. పొద్దున రైలు దిగి, సంచిలో రబ్బరు సుత్తి, రసమట్టం పెట్టుకుని వచ్చాడు. అమ్మ ఇచ్చిన టీలో చక్కెర తక్కువైందని మొహమాటం లేకుండా చెప్పి, రెండో గ్లాసు కూడా తాగాడు.

టైల్స్ వేయించినవాళ్లకు తెలిసే ఉంటుంది, వచ్చినవాళ్లు ముందు టేపు తీస్తారు. ఈయన సుద్దముక్క తీశాడు. ఇంట్లో ఎవరు ఎక్కడ ఎక్కువసేపు కూర్చుంటారో అడిగి, ఆ చోట నేల మీద గుండ్రంగా గీస్తాడు. ఆ గీతలోపల ముక్క టైల్ పెట్టడు, అతుకు రానీయడు. అమ్మ వంటింటి గడప పక్కన చూపించింది. ఆమె కూరగాయలు తరిగేది, పక్కింటామెతో మాట్లాడేది, నాయన మీద అలిగి కూర్చునేది అన్నీ అక్కడే. నేను కిటికీ దగ్గర చూపించాను. చివరికి నాయన వైపు తిరిగి, “నువ్వు యాడ కూచుంటావన్నా?” అని అడిగాడు.

నాయన పోయి మగ్గం మీది గుడ్డ తీసి, గుంతలోకి కాళ్లు పెట్టి కూర్చున్నాడు.

మేస్త్రీ వంగి ఆ గుంత చుట్టూ సుద్దతో గీశాడు. లేచి చేతులు దులుపుకుని, “టీచరమ్మా, మనిషి కూచునే తావు నేను పూడ్చను. పూడ్చాలంటే వేరే మేస్త్రీని పిలుచుకో” అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. పని ఇచ్చేది నేనా, ఆయనా? నాయన కళ్ల సంగతి మీకేం తెలుసని గట్టిగానే అన్నాను. ఆయన నాతో వాదించలేదు, కళ్లు కనిపిస్తున్నాయా అని నాయననే అడిగాడు.

“డాక్టరు నేసుకోమని ఎప్పుడో చెప్పినాడు. ఈళ్లే గుడ్డ కప్పిరి” అన్నాడు నాయన.

కోపం ఎటు పోయిందో తెలియదు. సిగ్గేసింది. ఇప్పుడు రాస్తుంటే కూడా వేస్తోంది.

తర్వాత పది రోజులు మా ఇల్లు పెళ్లిల్లే. ఆయన టైల్స్‌ను కన్నడంలో లెక్కపెట్టేవాడు. ఇదేం చోద్యమని అమ్మ అడిగితే, పని నేర్పినాయన గౌరిబిదనూరు వాడని, తెలుగులో లెక్కపెడితే తప్పు పోతుందని చెప్పాడు. రోజూ పొద్దున నిన్నటి టైల్స్ అన్నిటినీ సుత్తితో తట్టి, నేలకు చెవి ఆనించి వినేవాడు. డొల్ల శబ్దం వస్తే చాలు, ఊడబెరికి మళ్లీ వేసేవాడు. “టైలు డొల్లయితే చెప్తాదక్కా, మనిషే చెప్పడు” అని అమ్మతో అనేవాడు. అమ్మ చేసిన బొరుగుల ఉగ్గాని మాత్రం రోజూ బాగుందనేవాడు, అది నిజమో డొల్లో అడగాలని ఎవరికీ తోచలేదు.

గుంత చుట్టూ వేసిన టైల్స్ అంచులు రుద్దడానికే ఒక పూట పట్టింది. అమ్మ దగ్గర పట్టుపోగు అడిగి తీసుకుని అంచు వెంబడి లాగేవాడు. ఎక్కడైనా తగులుకుంటే మళ్లీ రాయి తీసి రుద్దేవాడు. చివరికి పోగు నీళ్లలో జారినట్టు జారింది. అప్పుడు నాయన నవ్వాడు. ఆపరేషన్ అయ్యాక అంతగా నవ్వడం అదే మొదలు.

టైల్స్ పనికోసం విప్పిన మగ్గాన్ని మళ్లీ నిలబెట్టారు. మొదటి చీరకు మునుపటికంటే రెట్టింపు రోజులు పట్టింది. అయితేనేం, అది మగ్గం మీంచి కోసి తీసిన రోజు నాయన తనంతట తాను ఫోన్ తీసుకుని మేస్త్రీకి చెప్పాడు. మా నాయన ఒకరికి ఫోన్ చేయడం మా ఇంట్లో వింతే.

మేస్త్రీ పోయిన పదకొండో రోజున నాయన, నేను హిందూపురం పోయాం. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే నేల చూసి ఆగిపోయాను. ఒక టైల్‌కు ఇంకో టైల్‌కు పోలిక లేదు. పని చేసిన ప్రతి ఇంట్లోనూ మిగిలిన వాటిలో ఒకటి అడిగి తెచ్చుకునేవాడని ఆయన భార్య చెప్పింది. ఆరేళ్ల మనవరాలు వాటి మీద ఒంటికాలితో గెంతుతోంది. గెంతిన చోటల్లా ఇది లేపాక్షి హోటలు, ఇది గుడిబండ చర్చి, ఇది పెనుకొండ టీచరమ్మ అని చెబుతోంది. ఆ టీచరమ్మ నేను కాదు, మా తోటి టీచర్. మా టైల్ దగ్గరికి వచ్చేసరికి గెంతడం ఆపి, “ఇది ధర్మవరం గుంత. ఈడ కూచోవాల” అంటూ చతికిలబడింది. రెండు కాళ్లూ ఒకేసారి నేలకేసి కొడుతూ, చేతులు ఆ పక్కకూ ఈ పక్కకూ ఆడించింది. వాళ్ల తాత నేర్పిన మగ్గం ఆట.

నాయన పోయి ఆ పాప పక్కన నేల మీద కూర్చున్నాడు. “రెండూ ఒకేసారి తొక్కకూడదు తల్లీ. ముందు ఇది, ఆమీట అది” అంటూ చిన్న కాళ్లను రెండు చేతులతో పట్టుకుని చూపించాడు. పరామర్శకు వచ్చినవాళ్లంతా అటే చూస్తున్నారు. పాప మా నాయన మొహంలోకి చూస్తూ, కుడికాలు, ఎడమకాలు, ఒకటి తర్వాత ఒకటి తొక్కుతోంది.