రొయ్యల గట్టు మీది డబ్బా

మొన్న మా మేనకోడలు ఫోన్లో ఒక చుక్క చూపించి, "ఇక్కడెవరో డబ్బా దాచారట అత్తా, వెతుకుదాం పద" అని నన్ను కోడూరు దాకా లాక్కెళ్ళింది. కారు దిగి చూద్దును కదా, అది మా పెదనాన్న రొయ్యల చెరువు! ఆ డబ్బా సంగతి నాకు బాగా తెలుసు.

ఈ డబ్బాలు దాచే ఆటను మా వైపు తెచ్చింది పెదనాన్న కొడుకు, మా అన్నయ్య. గుడివాడలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు. ఫోన్లలో దారులు కనిపించని రోజులవి. ఎలాగో ఒక జీపీఎస్ యంత్రం సంపాదించాడు. చిన్న డబ్బాలో బొమ్మో, కీచైనో పెట్టి ఎక్కడో దాస్తాడు, యంత్రం చూపించిన ఆ చోటు అంకెల్ని ఇంటర్నెట్లో పెడతాడు. ముక్కూమొహం తెలియనివాడెవడో ఆ అంకెలు పట్టుకుని వచ్చి, ఉన్నది తీసుకుని తనదొకటి పెట్టి వెళ్తాడు. అంతే ఆట. మొదటి డబ్బా బందరు లైట్‌హౌస్ దగ్గర, తర్వాత గుడివాడలో, ఆ తర్వాత కృత్తివెన్నులో. ముందు బెజవాడ కుర్రాళ్ళు వచ్చారు, తర్వాత హైదరాబాద్ వాళ్ళూ మొదలుపెట్టారు. ఆటతోపాటు అనుమానాలూ పెరిగాయి. బందరులో టీకొట్టాయన, "పోర్టు సర్వేనా అండీ? మా స్థలం పోతుందా?" అని వాళ్ళ వెంటపడ్డాడు. గుడివాడలో గుప్తనిధులు తవ్వేవాళ్ళనుకున్నారు. నిజం చెబితే ఎవరూ నమ్మలేదు. పైసా లాభం లేకుండా మనిషి ఎండలో తిరుగుతాడంటే మావాళ్ళు నమ్ముతారా?

తెలివిగల మా అన్నయ్య ఒక డబ్బాని తెచ్చి పెదనాన్న చెరువుకీ పక్క చెరువుకీ మధ్య గట్టులో, తూము పక్కన పాతాడు. రొయ్యకి వైరస్ తగిలితే పంటంతా చూస్తుండగానే పోయే కాలం అది. గట్టెక్కేముందు ఎంతటివాడైనా పళ్ళెంలోని ఎర్రమందు నీళ్ళలో పాదాలు ముంచాల్సిందే. అంతకు ముందు పంటలో పెదనాన్న చెరువు పోయింది, పక్క చెరువు నిలబడింది. ఆ పక్క చెరువాయన పెదనాన్నకి ప్రాణస్నేహితుడు. రోజూ సాయంత్రం ఇద్దరూ మధ్య గట్టు మీద కూర్చుని చుట్టలు కాల్చేవారు. అయినా పెదనాన్న మనసులో అనుమానం పురుగులా తొలుస్తూనే ఉంది.

నేను సెలవులకి వెళ్ళినప్పుడే, గట్టులో పీత బొరియలు పూడుస్తుంటే ఆ డబ్బా బయటపడింది. నల్ల కవరు, లోపల ఎర్ర పూస, వేలెడంత బొమ్మ. పెదనాన్న మొహం పాలిపోయింది. తిన్నగా పక్కాయన దగ్గరికి వెళ్ళి, "నా చెరువుకి చేతబడి చేయిస్తావా?" అని అరిచాడు. ఆయన కండువా దులుపుకుని లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మధ్య గట్టు ఖాళీ. కబురందుకుని అన్నయ్య గుడివాడ నుంచి పరుగెత్తుకొచ్చి తనే పెట్టానని ఒప్పుకుంటే, "మమ్మల్ని కలపడానికి అబద్ధాలాడకురా" అని పెదనాన్న కసిరాడు. పెదనాన్నకి చేతబడి నమ్మదగ్గట్టుగా ఉంది కానీ, ఆట నమ్మదగ్గట్టుగా లేదు!

కొన్నాళ్ళకి హైదరాబాద్ నుంచి ఒకాయన చేతిలో యంత్రంతో దిగాడు. ఎవర్నీ దారి అడగలేదు, నేరుగా తూము పక్కకి వెళ్ళి మట్టి గీకడం మొదలుపెట్టాడు. పెదనాన్న వెళ్ళి చొక్కా పట్టుకున్నాడు. "ఇక్కడ డబ్బా ఉండాలండీ. అందులో బొమ్మ తీసుకుని ఇది పెడదామని వచ్చాను" అంటూ ఆయన కీచైన్ చూపించాడు. పెదనాన్న చెయ్యి దానంతటదే వదులైంది. ఆ పూట అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

నోటితో తప్పైందనే మనిషి కాదాయన. మర్నాడు సాయంత్రం అదే డబ్బాలో రెండు చుట్టలు పెట్టి, మధ్య గట్టు మీద పక్కాయన కూర్చునే చోట ఉంచి, దూరంగా వలలు సర్దుతున్నట్టు నటించాడు. పక్కాయన తన చెరువు చూసుకోవడానికి వచ్చాడు. ముందు కర్రతో పొడిచాడు. మూత కర్రతోనే లేపాడు. చాలాసేపు చూసి, ఎర్రనీళ్ళలో పాదాలు ముంచి, డబ్బాని ఒంటికి దూరంగా పట్టుకుని పెదనాన్న ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రెండున్నాయి బావా. ముందు నువ్వు వెలిగించు."

పెదనాన్న వెలిగించాడు. నాలుగు దమ్ములు లాగేదాకా ఆయన కళ్ళార్పకుండా చూసి, అప్పుడు రెండోది తీసుకుని పక్కన కూర్చున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

ఇద్దరూ పోయారు. కౌలుదారు మధ్య గట్టు తవ్వించి రెండు చెరువుల్నీ ఒకటి చేశాడు. ఫోన్లో చుక్క నీళ్ళ నడుమ మెరుస్తోంది. "తప్పు చూపిస్తోందేమో అత్తా" అంది మా మేనకోడలు. తప్పేం లేదు. వాళ్ళిద్దరూ కూర్చున్న చోటికి దారి ఇంకా ఉంది, ఆ సాయంత్రానికే లేదు.