బొగ్గుపొయ్యి మీద నైవేద్యం

చెట్టులోనూ రాతిలోనూ నిప్పును దాచిన శ్రీమన్నారాయణునికి ముందుగా నమస్కారం. ఆయనకు తెలియకుండా ఏ పొయ్యీ వెలగదు. ఈ మాట భజనగోష్ఠిలో ఎన్నోసార్లు నేనే చెప్పాను. చెప్పినంత గట్టిగా నమ్మి ఉంటే ఇది రాయవలసిన పని ఉండేది కాదు.

అరవైలలో ఒక కార్తీకంలో తుఫాను వచ్చి, తోటపల్లి గూడూరు పక్కనున్న మా ఊరి సరుగుడు తోటలన్నీ నీళ్లలో ఒరిగిపోయాయి. పదిహేను రోజులు ఎండ లేదు. చూరు కింద పేర్చిన కట్టెలు నీరు కారుతున్నాయి. పిడకలు కరిగి మళ్లీ పేడయ్యాయి. అప్పుడు ప్రభుత్వం వేసిన గ్రామసేవకుడు లారీలో రాతిబొగ్గు తెప్పించాడు. అడవులు మిగలాలన్నా, పేడ పొలానికి చేరాలన్నా, దేశం బాగుపడాలన్నా ఇకమీదట ఇంటింటా దీని మీదే వండుకోవాలని చావడిలో చెప్పాడు. నాకు ఆ మాట నచ్చింది. ఒక బస్తా బొగ్గూ, ఇనప బకెట్టుకు మట్టి మెత్తి చేసిన పొయ్యీ ఇంటికి తెచ్చాను.

మా అమ్మ వాటిని వంటింట్లోకి రానివ్వలేదు. నాన్న పోయినప్పటి నుంచి ఆమెది మడివంట, ఒంటిపూట. వండినది ముందు చిన్న ఇత్తడి గిన్నెలో స్వామికి పెట్టి, ఆ తర్వాతే తినేది. రైలింజన్లో వేసే రాక్షసిబొగ్గు మీద స్వామికి ఉడికించనంది. అదీ భూదేవి కడుపులోదేనని నేను పురాణం విప్పాను.

"నీ కతలు కోవెల్లో చెప్పుకో నాయనా. నా పొయ్యికాడ వద్దు" అంది.

నానిన పెసరపప్పు, అరటిపండ్లతో వారం గడిపింది. జ్వరం తగిలింది. వైద్యుడు నాడి చూసి, వేడి జావ కడుపులో పడకపోతే మనిషి దక్కదన్నాడు.

అప్పుడు అబద్ధమాడాను. పెరటి కొట్టంలో బొగ్గుపొయ్యి రాజేసి, నా భార్యను మడి కట్టుకోమని జావ కాయించాను. అత్తతో ఒక్కమాట చెబుదామని తను బతిమాలింది. నేను కసిరాను. వాసనేందని అమ్మ అడిగితే తడి కట్టె అన్నాను. అమ్మ ఇత్తడి గిన్నెలో కాస్త జావ పోయించి, తులసిదళం వేసి, పడక మీద నుంచే చేతులు జోడించి స్వామికి నివేదించింది. మిగతాది తాగింది. ఇలా మూడు రోజులు. జ్వరం దిగింది. ఆ సాయంత్రం భజనలో నా గొంతే అందరికంటే పైన ఉంది.

నాలుగో రోజు లేచింది. ఆ గిన్నెను ఇంకొకరు తోమితే ఒప్పుకోదు. బూడిద కుండ ముందేసుకుని కూర్చుంది. పొయ్యిలో బూడిద తీసి ఆ కుండలో పోయడం మా ఇంటి అలవాటు. అలవాటుకొద్దీ బొగ్గు బూడిదనూ నేనే అందులో పోశాను. కట్టె బూడిద పిండిలా ఉంటుంది. ఇది ఎర్రగా, రాళ్ల పలుకులతో గరగరలాడుతోంది. గిన్నె నిండా గీతలు పడ్డాయి. అమ్మ ఆ గీతల మీద వేలు పెట్టి, కుండలోంచి ఒక ఎర్ర పలుకు తీసి చూసింది. నేను గడపలో నిలబడి ఉన్నాను.

"నేను తాగినదానికి గాదురా" అంది. "నా చేత సామికి పెట్టించినావే."

నువ్వు బతకాలని చేశానన్నాను.

"బతికినాను గదా" అంది.

తర్వాత ఎండలు కాశాయి. ఆమె చూస్తుండగానే ఆరిన సరుగుడు కట్టెలు పొయ్యిలో పెట్టాను. మేము పెట్టింది తినేది. దేని మీద వండారని అడిగేది కాదు. స్వామి ముందు మాత్రం తులసి వేసిన నీళ్లే ఉంచేది. రెండేళ్లకు పోయింది. పోయేదాకా అన్నం మళ్లీ నివేదించలేదు. ఇత్తడి గిన్నె గూట్లో బోర్లించే ఉండేది.

తప్పు బొగ్గుది కాదు. ఆ ముసుర్లో దానివల్లే ఊరు వేడి అన్నం తిన్నది. స్వామి ఆ మూడు రోజుల జావనూ స్వీకరించాడనే నా నమ్మకం. అమ్మ నమ్మలేకపోయింది. అందుకు కారణం నేను. చదివేవారు ఒక్క క్షణం నాతోపాటు చేతులు జోడించండి: నారాయణా, ఆ తల్లి పెట్టడం మానేసిన అన్నాన్ని పెట్టినట్టే తీసుకో.