స్పెయిన్ వెళ్లాల్సిన సైకిల్‌లో పగులు

ఎడిటర్ గారూ, ఇది మీ పత్రికకు రాస్తున్న మూడో ఉత్తరం. ముందు రెండూ మీరు వేయలేదు, ఎందుకో చెప్పనూ లేదు.

నేను మస్కట్ దగ్గర అల్ ఖౌద్‌లో సైకిల్ మెకానిక్‌ని. పోయినేడాది ఒక కస్టమర్ స్పెయిన్ ద్రాక్షతోటల కొండదారుల్లో తొక్కడానికి వెళుతూ, సైకిల్ ప్యాక్ చేయమన్నాడు. హ్యాండిల్‌లో సన్నని పగులు కనిపించింది. మేనేజర్ శంకరన్నది మా నిజామాబాదే. చూపిస్తే, "గీత వడ్డదంతే. ప్యాక్ జెయ్, నీకెందుకు లొల్లి?" అన్నాడు.

పెట్టె కారెక్కిస్తుంటే, హ్యాండిల్ పగిలిందంటూ అడ్డం నిలబడ్డాను. "వీడికి పిచ్చి సార్" అని శంకరన్న అందరి ముందూ నవ్వాడు. కస్టమర్ చిరాగ్గా పెట్టె విప్పి హ్యాండిల్‌ను గట్టిగా నొక్కాడు. అది విరిగి చేతికొచ్చింది. కొండ దిగుతుండగా విరిగుంటే? ఆయన మొహం పాలిపోయింది. శంకరన్న మాత్రం, "కొత్తది బిగించు" అన్నాడు, అంతే.

ఒక ప్రాణం దక్కింది, సంతోషమే. కానీ ఏడాదిగా శంకరన్న దాని మాటే ఎత్తకపోవడం చూసి అలసిపోయాను. శంకరన్నా, మీ ఇంట్లో ఈ పత్రిక చదువుతారు. తప్పు నీదో నాదో ఇకనైనా చెప్పు.