మా మామ నమ్మని రైఫిల్

మా మామ పోయాడని ఎమ్మిగనూరు నుంచి ఆదోనిలో మా పక్కింటికి ఫోను వచ్చింది. చేసింది మా మరిది. నేను వెంటనే ఏడవలేదు. "ఎవరు సూసినారు? డాక్టరు వచ్చినాడా? ఇంకొకరికి గూడా సూపించినారా?" అని గుచ్చి గుచ్చి అడిగాను. అవతల మరిది భోరుమన్నాడు. "వదినా, అచ్చం నాయన మాదిరే అడుగుతాండావే!" అప్పుడొచ్చింది నాకు ఏడుపు. ఇన్నేళ్లు ఆయన కోడలిగా బతికినదాన్ని. చావు కబురైనా సరే, ఒక్క నోటి మాట మీద నమ్ముతానా?

ఆయనకు అనుమానం అన్నంలో ఉప్పు లాంటిది. ఉల్లిగడ్డల మూటను అడుగు నుంచి విప్పించేవాడు. బస్సెక్కి కూర్చున్నాక కూడా "ఇది ఆదోనికేనా?" అని కండక్టరును అడిగి, డ్రైవరును అడిగి, చివరికి పక్కనున్న ముసలమ్మను కూడా అడిగేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో నేను పెట్టిన చారును ముందు వాసన చూసేవాడు. ఎంత ఒళ్లు మండేదో! ఓరోజు ఉండబట్టలేక "విషం వేయలేదులే మామా" అనేశాను. ఆయనేమీ నొచ్చుకోలేదు. "వేసినోళ్లు గూడా అట్లనే సెప్తారమ్మా" అంటూ గిన్నె ఖాళీ చేశాడు.

"అనుమానం పెనుభూతం అంటారప్పా" అని వీధిలోవాళ్లు ఎగతాళి చేసేవారు. "భూతం కాదు, కుక్క" అనేవాడు మా మామ. "వాకిట్లో కట్టేసుకోవాల. మొరిగితే నిద్ర సెడుతాది, నిజమే. మొరగకుంటే ఇల్లే పోతాది."

మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వుకున్నదాన్నే.

వేటను ఆపే చట్టం మా పల్లెల దాకా ఇంకా రాని రోజులవి. కోసిగి వైపు మాకు బుడ్డల చేను ఉండేది. బుడ్డలంటే వేరుశెనగే. మొలక ఆకు వేయగానే జింకలు మందలుగా దిగేవి. ఇంట్లో ఉన్నదేమో నాటు తుపాకి. మందు పోసి, దట్టించి, గురి చూసేసరికి జింకలు కర్ణాటకలో ఉండేవి. మా ఆయనకు వేట పిచ్చి కూడా ఉండేది, చేను ఒక సాకు. ఆదోనిలో ఒక సాయిబు లీవరు రైఫిల్ అమ్ముతున్నాడని తెలిసిన కాడి నుంచి ఈయనకు కూడు సయించలేదు. కింద ఉన్న పిడిని ఒకసారి కిందికి తోసి పైకి లాగితే చాలు, తూటా దానంతట అదే ఎక్కుతుందట. లైసెన్సు మామ పేరు మీద ఉంది కాబట్టి ఆయన ఊ అనాలి.

"అంత మంచిదైతే వాడేమిటికి అమ్ముతాడు?" అన్నాడు మామ. "రెండు గొట్టాల తుపాకి తీసుకో. మడత విప్పితే ఈడ నుంచి ఆడికి వెలుతురు కనపడ్తాది. దీని కడుపులో ఏముందో ఎవునికి తెలుసు?"

"అది అంత దూరం కొట్టదు నాయనా. బయల్లో జింక మనల్ని దగ్గరికి రానిస్తాదా?" అని మా ఆయన బతిమాలాడు.

చివరికి మామ చూడటానికి మాత్రం ఒప్పుకున్నాడు. నన్నూ రమ్మన్నాడు. ఆడమనిషి ఎదురుగా అబద్ధమాడేవాడు ఒక్కసారైనా గుటక మింగుతాడని ఆయన నమ్మకం. కాబట్టి నా పని రైఫిల్ చూడటం కాదు, సాయిబు గొంతు చూడటం!

సాయిబు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. మామ తన చాయ్ ముట్టుకోలేదు. తూటాలు యాడ దొరుకుతాయి, ఇన్నాళ్లు ఎవరు వాడినారు, ఇప్పుడెందుకు అమ్ముతున్నారు అని అడిగిందే అడిగాడు. "మా అన్న వేటకు పోయేటోడు భాయ్. ఆయనిప్పుడు లేడు. నాకు దీని సంగతి తెలీదు. ఖాళీగానే ఉండాది" అన్నాడు సాయిబు. గుటక మింగలేదు. నేను మామ వైపు చూసి తల ఊపాను.

మా ఆయన పిడి కిందికి తోసి లోపలికి చూశాడు. గొట్టంలో ఏమీ లేదు. పిడి పైకి లాగాడు. తర్వాత మా వైపు నాటు తుపాకి పట్టిన ప్రతివాడూ చేసే పనే చేశాడు. వెనక కట్టెను నేలకు ఆనించి, గొట్టం మూతికి నోరు పెట్టి ఊదబోయాడు. నాటు తుపాకిలో గాలి అవతలికి పోతే ఖాళీ అని లెక్క.

"ఆగురా!"

మామ అరుపుకు నా చేతిలో చాయ్ తొణికింది. ఆయన కొడుకు చేతిలోంచి రైఫిల్ లాక్కున్నాడు. "ఈ కిందున్న రెండో గొట్టం ఏమిటికి?"

సాయిబు నొచ్చుకున్నాడు. "నన్ను నమ్మవా అన్నా?"

"నిన్ను నమ్ముతా సాయిబూ. దీన్ని నమ్మను." రైఫిల్‌ను మట్టిగోడ వైపు తిప్పి, పిడి కిందికి తోశాడు.

ఇత్తడి తూటా ఒకటి ఎగిరి బండల మీద ఠంగుమని పడింది.

అది తూటాలు నింపే గొట్టమట. అందులో మిగిలిపోయిన తూటాను, పిడి ఆడించి, మా ఆయనే పైకి ఎక్కించుకున్నాడు. ఖాళీ అని చూసుకున్న చేత్తోనే. సాయిబు గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "యా అల్లా! మా పిల్లోళ్లు దీంతో ఆడుకుంటాండిరి" అని ఏడ్చాడు. అబద్ధమాడలేదు పాపం, ఆయనకే తెలియదు. మామ ఆయన పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాతే చల్లారిన చాయ్ తాగాడు. మామ మీద నాకున్న ఒళ్లుమంట అంతా ఆ బండల మీదే పోయింది. ఈ రోజుకూ నా మెడలో తాళి ఉందంటే ఆయన అనుమానం పెట్టిన భిక్షే.

రైఫిల్ కొనలేదు. ఆ ఏడు బుడ్డలు జింకలే తిన్నాయి. తిననీ!

తిరుగు బస్సులో తండ్రీ కొడుకులు నా ముందు సీట్లో కూర్చున్నారు. "నేను సెప్పలేదా" అని దెప్పుతాడనుకున్నాను. కండక్టరు వస్తే మామ ఎడమ చేత్తోనే జేబు తడుముకున్నాడు. కుడిచేతికి ఏమైందా అని తొంగి చూశాను. కొడుకు చొక్కా అంచును పిడికిట్లో బిగించి పట్టుకుని ఉన్నాడు. మీసాలున్న కొడుకు కిటికీకి తల ఆనించి నిద్రపోతున్నాడు.

కొంత దూరం పోయాక మామ వెనక్కి తిరిగి గుసగుసగా అడిగాడు. "అమ్మా, వాడు బాగుండాడు కదా?"

"మీ పక్కనే ఉండాడు కదా మామా."

"నాకు నమ్మకం లేదు. నువ్వొకసారి సూడు."

నేను లేచి, ముందుకు వంగి మా ఆయన మొహం చూశాను. "బాగుండాడు మామా" అన్నాను. ఆయన తల ఊపాడు. పిడికిలి మాత్రం ఎమ్మిగనూరు వచ్చేదాకా వదల్లేదు.