వెనక చక్రం

మా పెద్ద ఇంజినీరుది రాజాం. సెడాన్ కారు వెనక భాగాన్ని పొడిగించి మేం తయారుచేస్తున్న స్టేషన్ వ్యాగన్, మలుపుల్లో అచ్చం సెడాన్‌లాగే తిరగాలన్నది ఆయన పంతం. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డులో నేను నడిపేవాణ్ణి. కారు తోక ఊపు తెలిసేది వెనక సీట్లోనే అని ఆయన అక్కడే కూర్చునేవాడు. సెడాన్‌లో కులాసాగా కొండెక్కే మనిషి, ఇందులో మాత్రం ప్రతిసారీ ఒక పెద్ద మలుపు దగ్గర నా భుజం తట్టేవాడు.

“ఒరే, ఆపరా. వెనక సక్రం సూసొస్తాను.”

కార్లు తయారుచేసే మనిషికి కార్లో వాంతులేమిటని ఆయన సిగ్గు. దిగి కారు వెనక్కి పోయేవాడు. నేను వెనక కనిపించే అద్దం పక్కకి తిప్పేసి, పాట సౌండు పెంచేవాణ్ణి. మూతి తుడుచుకుంటూ వచ్చి, “ఇంకా తోక ఊపుతన్నాది,” అనేవాడు. మళ్ళీ స్ప్రింగులు మార్చేవాళ్ళం.

చివరికోసారి కారు మలుపుల్లో ఒదిగి తిరిగింది. వెనక సీట్లోంచి ఈల వినిపిస్తోంది. అలవాటు కొద్దీ ఆ మలుపు దగ్గర ఆపేసి, అద్దం తిప్పి, సౌండు పెంచాను.

ఈల ఆగిపోయింది.

“ఏటిరా, ఎందుకాపీసినావు?”

ఆయన చూపు పక్కకి తిరిగిన అద్దం మీద నిలిచింది. ముఖం కందిపోయింది. మెల్లగా దిగి వెళ్ళి, ఈసారి నిజంగానే వెనక చక్రం ముందు కూర్చుని, చాలాసేపు చూశాడు.