మోకాలి మీద చెయ్యి

ఆమె పదమూడేళ్ళు విమానం నడపడం నేర్పింది. రెండు సీట్ల చిన్న విమానం. ఎడమవైపు నేర్చుకునేవాళ్ళు, కుడివైపు ఆమె. వాళ్ళు నేర్చుకుని వెళ్ళిపోయేవారు, పెద్ద విమానాల్లో కూర్చునేవారు. ఆమె మర్నాడు మరొకరికి మొదటి పాఠం చెప్పేది.

నలభై రెండో ఏట ఒక చిన్న విమానయాన సంస్థ ఆమెను పైలట్‌గా తీసుకుంది. డెబ్బై మంది పట్టే విమానాలు, చిన్న చిన్న ఊళ్ళ మధ్య తిరిగేవి. వయసు చూసి వెనకాడారు, ఎగిరిన గంటలు చూసి సరేనన్నారు. తొమ్మిది వారాల శిక్షణ. అందులో సిమ్యులేటర్ అనే ఉత్తుత్తి విమానంలో చివరి రోజు గట్టి పరీక్ష. ఆ రోజు శిక్షకుడు సంతకం పెడితే నిజమైన విమానం ఎక్కిస్తారు. పెట్టకపోతే ఇంకొక్క రోజు ఇస్తారు. ఆ రోజూ పెట్టకపోతే ఇంటికి పంపేస్తారు. పాత బడికి తిరిగి వెళ్ళడానికి లేదు. అక్కడ ఆమె కుర్చీలో అప్పటికే మరొకరు కూర్చున్నారు.

మొదటి నెలంతా తరగతి గది. ఇంధనం ఎటు నుంచి ఎటు పోతుందో, ఏ దీపం వెలిగితే ఏ మీట తిప్పాలో కంఠస్థం చేయడమే పని. ఆమెకు అది కష్టం కాలేదు. మిగతావాళ్ళంతా ఆమెకంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళు. టీచరమ్మ అని పేరు పెట్టి, సందేహాలన్నీ ఆమె దగ్గరికే తెచ్చేవారు.

ఐదో వారం జంటల జాబితా అంటించారు. ఆమెకు జంటగా పడినవాడు ఏడేళ్ళ కిందట ఆమె దగ్గరే నేర్చుకున్నవాడు. పొడుగ్గా ఉంటాడు, మెడ ముందుకు వంచి నడుస్తాడు. బడిలో అందరూ కొంగ అనేవారు. ఆమె గదిలోకి రాగానే లేచి నిలబడ్డాడు. ఇద్దరిదీ ఇప్పుడు ఒకటే హోదా అని ఎవరో గుర్తు చేశారు. అయినా ఆమె కూర్చున్నాకే కూర్చున్నాడు.

సిమ్యులేటర్ ఒక తెల్లటి పెట్టె. ఆరు ఇనుప కాళ్ళ మీద ఊగుతుంది. లోపల మీటలన్నీ నిజమైనవే. కిటికీలో ఆకాశం బొమ్మ, రన్‌వే బొమ్మ. చెమట బొమ్మ కాదు.

అక్కడ పద్ధతి వేరు. ఒకరు నడుపుతారు, ఒకరు కనిపెట్టి చూస్తారు. చూసేవాళ్ళ పని చెప్పడం. వేగం తగ్గితే "స్పీడ్" అనాలి. నడిపేవాళ్ళు "కరెక్టింగ్" అని సరిచేసుకోవాలి. రెండుసార్లు అన్నా పలక్కపోతేనే చూసేవాళ్ళు చెయ్యి వేయాలి.

చివరి రోజున మొదట కొంగ నడిపాడు. ఒక ఇంజిన్ ఆపేశారు. రన్‌వే దగ్గరపడుతుండగా వేగం తగ్గింది. ఆమె ఏమీ అనలేదు. ఆమె చెయ్యి మాత్రం అప్పటికే పవర్ మీట మీద ఉంది. శిక్షకుడు వెనక నుంచి ఏదో నొక్కాడు. రన్‌వే కిటికీలో అలాగే ఆగిపోయింది.

తర్వాత ఆమె నడిపింది. ఆమెకూ వేగం తగ్గింది. కొంగ అంకెను చూశాడు, ఆమెను చూశాడు, నోరు తెరిచి మూసుకున్నాడు.

శిక్షకుడు రిటైరైన కెప్టెన్. గొంతు పెంచే మనిషి కాదు. "ఈ విమానానికి ఇద్దరు పైలట్లని రాసుంది," అన్నాడు. "నాకు ఎప్పుడు చూసినా ఒక్కరే కనిపిస్తున్నారు."

ఆయన సంతకం పెట్టలేదు. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ రమ్మన్నాడు.

నడవాలో కాఫీ యంత్రం దగ్గర ఆమె కొంగను అడిగింది, ఎందుకు చెప్పలేదని. మీ వేగం తగ్గడమేమిటి, నా కళ్ళదే తప్పనుకున్నాను అన్నాడతను.

"ఇంకోటి చెప్పనా మేడమ్? నేను నడుపుతున్నప్పుడు కూడా, మీ చెయ్యి వస్తుందిలే అని ఉంటుంది లోపల. ఆ రోజు వచ్చింది కదా."

ఏ రోజో ఆమె అడగలేదు. ఏడేళ్ళ కిందట, అతని తొమ్మిదో పాఠం. నేలకు ముప్పై అడుగుల ఎత్తున అతను కంగారుపడి విమానం ముక్కును పైకి లాగేశాడు. వేగం చచ్చి అది గాలిలో నిలబడిపోయింది. మాటకు వ్యవధి లేదు. ఆమె చెయ్యి ఒక్కటే కదిలింది. దిగాక ఇద్దరూ రెక్క నీడలో కూర్చుని చాలాసేపు నీళ్ళు తాగారు.

పదమూడేళ్ళు ఆ చెయ్యి అలా మాటకంటే ముందే ఉంది. దాన్ని తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆమె ఉంటున్నది అక్క ఇంట్లో. అక్క దర్జీ. ముందు గదిలో కుట్టుమిషను, బట్టల కుప్పలు. ఎదురు గోడకు కాక్‌పిట్ పటం అంటించి ఉంది, అసలు కొలతల్లో, మీటలన్నీ బొమ్మలుగా. దాని ముందు రెండు కుర్చీలు. సాయంత్రం జరిగింది చెప్తే అక్క మిషను ఆపలేదు.

"చిన్నప్పటి నుంచీ నా చేతిలోది లాక్కోవడమే కదే నీ పని. పలక లాక్కున్నావు, రిబ్బన్లు లాక్కున్నావు. ఇప్పుడు విమానం."

అంటూనే లేచి వచ్చి ఎడమ కుర్చీలో కూర్చుంది. వేగం ఎంతుండాలో కనుక్కుని, తనే అంకెలు తగ్గిస్తూ చదివింది. నూట పదిహేను. నూట పది.

"స్పీడ్," అంది చెల్లెలు.

"వినను."

"స్పీడ్."

"ఇప్పుడు విన్నాను. చెయ్యి ఎక్కడుందో చూసుకో."

చెయ్యి కాగితం మీట మీద ఉంది.

మూడో రోజు కొంగ కూడా అక్క ఇంటికి వచ్చాడు. ఆమె కావాలని తప్పులు చేస్తుంది, అతను పైకి చెప్పాలి. అతని మాట గొంతు దాటడం లేదు. అక్క చూసి చూసి దారం కొరికేసి అడిగింది, కూరలో ఉప్పు ఎక్కువైతే చెప్తావా చెప్పవా అని.

"చెప్పనక్కా. తినేస్తాను."

"అయితే నీతో కష్టమేనయ్యా," అంది అక్క.

ముగ్గురూ నవ్వారు. నవ్వు ఆగాక ఆమె అతనివైపు తిరగకుండా, పటం చూస్తూ అంది. "మేడమ్ అనే అను. కానీ ఆ మాట దగ్గరే ఆగిపోకు."

నాలుగో రోజు. పెట్టె తలుపు మూశారు. మొదట కొంగ.

ఒక ఇంజిన్ పోయింది. రన్‌వే పెరుగుతూ వస్తోంది. నూట పదిహేను ఉండాల్సింది నూట తొమ్మిది అయింది. ఆమె రెండు చేతులూ మోకాళ్ళ మీద ఉన్నాయి.

"స్పీడ్."

జవాబు లేదు. అతను ఎదురుచూస్తున్నాడు. దేనికో ఆమెకు తెలుసు. మోకాలి మీద వేళ్ళు బిగుసుకున్నాయి. ఆ ఒక్క క్షణం పదమూడేళ్ళ కంటే పొడుగు.

"స్పీడ్."

"కరెక్టింగ్," అన్నాడతను. అతని చెయ్యి మీటను ముందుకు తోసింది. చక్రాలు నేలను గట్టిగానే తాకాయి, తాకవలసిన చోటే తాకాయి.

తర్వాత ఆమె వంతు. పక్కగాలి. ఆమె కళ్ళు రన్‌వే మీద ఉన్నాయి. అంతా సరిగ్గానే ఉందనుకుంది.

"స్పీడ్, మేడమ్."

చూసింది. ఆరు తక్కువ. పక్క సీటులో నుంచి ఆ మాట ఆమె ఇన్నేళ్ళలో వినలేదు.

"కరెక్టింగ్," అంది.

దీపాలు వెలిగాక శిక్షకుడు కొంగతో అన్నాడు, మేడమ్ అనే మాట మా పుస్తకంలో లేదని. తెలుసు సార్, తీసేద్దామంటే రావడం లేదు అన్నాడు కొంగ.

"ఉండనీ. దాని ముందు మాట వినబడింది."

ఆయన ఒళ్ళో కాగితం పెట్టుకుని నెమ్మదిగా రాస్తున్నాడు. ఆమెకు అంచు మాత్రమే కనబడుతోంది. ఆమె చెయ్యి మోకాలి మీంచి లేచింది. తిరిగి పెట్టేసుకుంది. ఆయన చివరి గడి దాకా నింపాడు. సంతకం పెట్టాడు. అప్పుడు కాగితం ఆమె వైపు చాచాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క జాకెట్‌కి చెయ్యి అతుకుతోంది. తలుపు చప్పుడుకి మిషను ఆగింది. ఆమె నోరు తెరిచేలోపే అక్క లేచి వచ్చి, ఆమె చేతిలో కాగితం లాక్కుంది.

సంతకం కింద ఉందని ఆమె చెప్పబోయింది. అక్క కళ్ళద్దాలు సర్దుకుని పై వరుస నుంచి మొదలుపెట్టింది. ఆమె కుడి కుర్చీలో కూర్చుని, అక్క అక్కడి దాకా వచ్చేవరకు ఆగింది.