కట్టమీద మనిషి

మొన్న శనివారం సాయంత్రం ఇబ్రహీంపట్నం చెరువు కట్టమీద ఉండగా, నౌకాదళంలో పనిచేసే మా మనవరాలు ఫోన్ చేసి తమ ఓడ ఆఫ్రికాలోని మొంబాసా రేవు చేరిందని చెప్పి, తెల్లని దుస్తుల్లో ఉన్న తోటివాళ్లను, వాళ్ల వెనుక కొబ్బరిచెట్లను చూపించింది. ఆ రేవు పేరు వినగానే నా వయసులోంచి ఓ యాభై ఏళ్లు మెల్లగా జారిపోయాయి.

మాది ఈ చెరువులో వల వేసి బతికిన ఇల్లు. మనిషి నీళ్లమీద ఉన్నంతసేపు ఇంటివాళ్లలో ఒకరు కట్టమీద నిలబడాలని, లేకపోతే వీడికి ఎవరూ లేరనుకుని గంగమ్మ తన దగ్గరే ఉంచుకుంటుందని మా నాయనమ్మ నమ్మకం. తాత వలకు పోయినన్నాళ్లూ ఆమె అలాగే నిలబడిందట. నేను యుద్ధనౌక ఎక్కుతానన్న రోజు ఆమె అడిగింది ఒక్కటే.

“సముద్రానికి కట్ట ఏడుంటదిరా?”

భజనలో మత్స్యావతారం కథ చెప్పే మా పెద్దనాయన నవ్వి, “ఏడుంటదేందే అమ్మా, గిదే కట్ట! నీళ్లన్నీ ఒక్కటే గద. మనం చేపను పడ్తం, గా పెద్ద చేప మనల్ని పట్టి ఒడ్డుకేస్తది” అన్నాడు.

“అట్లయితే నేనుంట. పో” అంది నాయనమ్మ.

ఆనాటి నుంచి ప్రతి శనివారం భజనకు ముందు ఆమె కట్టమీదికి వచ్చి నిలబడేది. నేనేమో ఓడ అడుగున ఇంజను గదిలో, నూనె వాసనలో, సముద్రాన్ని చూడకుండానే సముద్రాలు దాటేవాణ్ణి. అయినా శనివారం వచ్చిందంటే, ఆ ఇనుప గోడల అవతల ఎక్కడో ఒక ముసలమ్మ కొంగు గాలికి ఎగురుతున్నట్టే ఉండేది.

మొంబాసా ప్రయాణానికి ముందు ఆమె జారిపడి మంచం పట్టింది. కట్టమీద నాకంటూ ఎవరూ లేకుండానే బయలుదేరాను. నడిసముద్రంలో తుఫాను పట్టుకుని ఓడ ఈ పక్కకూ ఆ పక్కకూ వాలిపోతుంటే, ఇనుప కమ్మీ పట్టుకుని ఆ మత్స్యావతార స్వామి నామం జపిస్తూ నేను భయపడింది అలలకు కాదు, ఖాళీగా ఉన్న ఆ కట్టకు. రేవులోకి ప్రవేశించేటప్పుడు మమ్మల్ని ఓడ అంచున వరుసగా నిలబెట్టారు. ఒడ్డున డప్పులు మోగుతున్నాయి, అందరి కళ్లూ కొత్త ఊరి మీద ఉన్నాయి, నా కళ్లు మాత్రం వచ్చిన నీళ్ల వైపే పోతున్నాయి.

సెలవు దొరికి ఇంటికి చేరిన రోజు కూడా శనివారమే. నాయనమ్మ మంచంలోనే ఉంది. కాళ్లకు మొక్కబోతే గద్దించింది.

“నా కాళ్లు ఏడ వోతయ్‌రా! కట్టమీదికి పో జల్ది, ఆళ్ల కాళ్లు గుంజుతున్నయ్.”

ఎవరి కాళ్లో అర్థం కాక పరుగున పోయాను. మా భజన బృందమంతా తాళాలు పట్టుకుని, నీళ్ల వైపు తిరిగి, నిలబడే పాడుతున్నారు. ఆమె పడిపోయిన వారం నుంచీ ప్రతి శనివారం నాకోసం అక్కడే, అలాగే పాడుతున్నారట. నన్ను చూసి పెద్దనాయన పాట ఆపాడు.

“వచ్చినవా కొడుకా! ఇగ కూసుందాం పాండ్రి.”

అందరూ ఒక్కసారిగా నవ్వుతూ కట్టమీద చతికిలబడ్డారు. నేను మాత్రం ఏడ్చాను. సత్సంగమంటే ఏమిటో ఎన్ని పురాణాలు విన్నా అర్థం కాలేదు, ఆ పూట అయింది.

ఇప్పుడు నాయనమ్మ లేదు, పెద్దనాయన లేడు, భజనకు వచ్చేవాళ్లు కూడా తగ్గిపోయారు. నడిసముద్రం దాటగానే మనిషి ముఖం ఫోన్‌లోకి వచ్చేస్తోంది, ఇక కట్టమీద పనేముందని ఇంట్లోవాళ్లు అంటారు. నిజమే. కానీ ఆ పిల్ల క్షేమమని ఫోన్ నాకు చెబుతుంది గాని, ఆ పిల్ల మాదని గంగమ్మకు చెప్పదు కదా.

“తాతా, ఒక్కనివే ఉన్నవా కట్టమీద?” అని అడిగింది మనవరాలు.

స్వామి ఉన్నాడు తల్లీ అన్నాను. జేబులో పెద్దనాయన భజన తాళాలు ఉన్నాయి. నాకు కాళ్లు గుంజిన రోజున నిలబడేదెవరో ఆ స్వామికే తెలియాలి.